బాత్రూము వసారా చివరే ఉండనివ్వండి

ఊళ్ళో తాతలనాటి ఇల్లు బాగుచేయించి పండగలకీ సెలవులకీ పోయి ఉందామనే కోరిక ఈమధ్య మనవాళ్ళలో షుగరు జబ్బులా ఇంటింటికీ వచ్చేసింది. కోనసీమలో మండువా లోగిళ్ళు ఉన్నవాళ్ళతో మొదలై, లేనివాళ్ళు ఎవరిదో ఒకటి కొనుక్కుని మరీ తెచ్చుకునేదాకా పోయింది. డల్లాసులో ఉండేవాళ్ళకి కాస్త ముదిరి కనిపిస్తుంది. లక్షణాలు మాత్రం అందరిలో ఒకటే. మొదట ఫొటోలు, తర్వాత వాట్సాప్‌లో బంధువుల నిట్టూర్పులు, ఆ తర్వాత ఎస్టిమేటు. ఆ ఎస్టిమేటు చదివితే అసలు సంగతి బయటపడుతుంది. ప్రతి గదికీ ఏసీ, ప్రతి పడకగదిలోనూ బాత్రూము, దూలాలు కనపడకుండా ఫాల్స్ సీలింగు, గచ్చు తవ్వేసి మెరిసే టైల్సు, అరుగుకి గ్రానైటు, మండువాలో వాన పడకుండా గాజు కప్పు. మండువా పెట్టిందే వానా వెలుగూ లోపలికి రావడానికన్న సంగతి అప్పటికి ఎవరికీ గుర్తుండదు. ఇదంతా అయ్యాక మిగిలేది కూకట్‌పల్లిలో మూడు పడకగదుల ఫ్లాటే. కాకపోతే దీనికి లిఫ్టు లేదు, ఆఫీసుకి నాలుగు వందల కిలోమీటర్లు. అందుకని నా వాదన ఏమిటంటే, పాత విడిదిలో ముందుగా కాపాడుకోవాల్సింది దాని అసౌకర్యాన్నే. పైకప్పు కారకూడదు, గోడ కూలకూడదు, పాము మంచమెక్కకూడదు. ఈ మూడూ తేలాక మేస్త్రి లెక్క తేల్చి, బస్సెక్కించి పంపెయ్యాలి.

అసౌకర్యాన్ని డబ్బిచ్చి కొనుక్కునేవాళ్ళు ఎవరైనా ఉంటారా అంటే, ఉన్నారు, ముందుగా బుక్ చేసుకుని మరీ. బ్రిటన్‌లో 1965లో జాన్ స్మిత్, క్రిస్టియన్ స్మిత్ దంపతులు లాండ్‌మార్క్ ట్రస్ట్ అని ఒక సంస్థ పెట్టారు. పడిపోబోతున్న పాత కట్టడాలను బాగుచేసి సెలవులకు అద్దెకివ్వడం దాని పని. బురుజులున్నాయి, పాత రైల్వే స్టేషనుంది, ఒక భూస్వామి తన రెండు పందుల కోసం గ్రీకు గుడి నమూనాలో స్తంభాలతో కట్టించిన దొడ్డి కూడా ఉంది. ఇప్పుడు ఆ దొడ్డిలో పందుల స్థానంలో దంపతులు అద్దె కట్టి ఉంటున్నారు. ఆ ఇళ్ళలో టీవీ ఉండదు. స్కాట్లండులో అనాసపండు ఆకారంలో రాతి శిఖరం ఉన్న 18వ శతాబ్దపు తోట మందిరం ఒకటి వాళ్ళ చేతిలోనే ఉంది. అందులో కూర్చునే గదిలోంచి పడకగదికి వెళ్ళాలంటే బయటికి వచ్చి ఆరుబయట నడిచి వెళ్ళాలి. స్కాట్లండు వాన సంగతి చెప్పనక్కర్లేదు. రెంటినీ కలుపుతూ చిన్న దారి కట్టడం ఏ ఇంజనీరుకైనా ఒక సాయంత్రంలో తేలే పని. వాళ్ళు కట్టలేదు. అద్దెకొచ్చేవాళ్ళు గొడుగు పట్టుకుని వస్తున్నారు.

దీనికి ఎదురు దారి తొక్కినాయన ఫ్రాన్సులో ఉండేవాడు, వియొలే ల్యుద్యూక్ అనే ఆర్కిటెక్టు. 19వ శతాబ్దంలో కార్కసాన్ కోట బాగుచేస్తూ, దక్షిణాదిన పెంకులు వాడే చోట బురుజుల నెత్తిన పలకరాతి కోసు టోపీలు పెట్టించాడు. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉన్నాయి, ఆ ప్రాంతానివి మాత్రం కావు. కట్టడాన్ని అది ఎన్నడూ లేనంత సంపూర్ణంగా తయారుచేయడమే జీర్ణోద్ధరణ అని ఆయన సిద్ధాంతం. ఇలాంటి ఉత్సాహం తమ చర్చిల మీద కూడా పడేసరికి బెదిరిపోయి 1877లో ఇంగ్లండులో విలియం మోరిస్ ఒక సంఘమే పెట్టాడు. పెద్ద ఎత్తున బాగుచేసే పనులు మానండి, రోజువారీ మరమ్మతు చూసుకోండి, చాలు అన్నది ఆ సంఘం మాట. మన కోనసీమ లోగిళ్ళకి రాజస్థానీ జాలీ కిటికీలు, కేరళ ముఖద్వారం, చెట్టినాడు స్తంభాలు ఒకేసారి తగిలిస్తున్నవాళ్ళు ల్యుద్యూక్ పేరు విని ఉండకపోవచ్చు గాని, శిష్యులు ఆయనకే.

ఇక గోడ దగ్గరికి వద్దాం, అసలు హత్య జరిగేది అక్కడే. పాత ఇళ్ళ గోడలు ఇటుకా గానుగ సున్నమూ. సున్నాన్ని నానబెట్టి, ఇసుక కలిపి, ఎద్దు లాగే రాతి చక్రం కింద మెత్తగా నలిపేవారు. పనిని బట్టి బెల్లం నీళ్ళూ కరక్కాయ నీళ్ళూ పోసేవారు. ఆ సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ నిదానంగా గట్టిపడుతుంది. ఇటుక కన్నా మెత్తగా ఉండటమే దాని గొప్ప. పునాదిలోంచి పైకి ఎక్కే తేమ దాని గుండా ఆవిరై బయటికి పోతుంది. ఇల్లు కాస్త కదిలితే సన్నగా నెర్రెలిచ్చి సర్దుకుంటుంది. ఇంత బుద్ధిమంతురాలైన గోడ మీద అడుగున ఒక తడి మచ్చ చూసి ఇంటాయన మేస్త్రిని పిలుస్తాడు. మేస్త్రి తాపీ కొనతో నాలుగు పోట్లు పొడుస్తాడు. పొడిస్తే ఏ గోడైనా రాలుతుంది. "పాత సరుకు సార్, పట్టు పోయింది. మొత్తం కొట్టేసి సిమెంటు పూసేద్దాం" అంటాడు. మొదటి ఏడాది గోడ అద్దంలా ఉంటుంది. రెండో వానాకాలానికి, కింద బయటికి పోయే దారి మూసుకుపోయిన తేమ ఇంకాస్త పైకి ఎక్కుతుంది. దానితో వచ్చిన ఉప్పు సిమెంటు వెనకాల గడ్డకట్టి, ఇటుక ముఖంతో సహా పెచ్చులు తోసేస్తుంది. గోడ వారగా తెల్లటి పొడి రాలుతుంది. దానికి వాటర్‌ప్రూఫ్ రంగు వేస్తారు. రంగు బుడగలెత్తితే నాలుగడుగుల ఎత్తున టైల్సు అంటిస్తారు. తేమ అయిదో అడుగులో పలకరిస్తే ప్లైవుడ్డు పలకలు కొడతారు. చెదపురుగుకి అంతకన్నా మర్యాదైన ఆహ్వానం ఉండదు. చివరికి దూలం కొన గోడలో కూర్చునే చోటికి చెమ్మ చేరాక, "పాత ఇల్లు గదండీ, ఆగలేదు" అని ఊరంతా ఒప్పుకుంటుంది. నూరేళ్ళు ఆగింది, రిపేరొక్కటే ఆగనివ్వలేదు.

సున్నంలో బలం లేదు, సిమెంటే బలం అనేవాళ్ళని ధవళేశ్వరం పంపాలి. 1847లో మొదలుపెట్టి 1852కల్లా ఆర్థర్ కాటన్ గోదావరికి అడ్డంగా కట్టిన ఆనకట్టలో పట్టు సున్నానిదే. గోదావరిని నిలబెట్టిన సరుకు మన పడకగది గోడను నిలబెట్టలేదనుకోవడం అతిశయం. పోర్ట్‌లండ్ సిమెంటుకి 1824లోనే పేటెంటు పుట్టింది, దానితో ఎన్నో మంచి పనులు జరిగాయి, ఫ్లైఓవర్లు దానితోనే కట్టాలి. సున్నప్పని తెలిసిన మేస్త్రులు ఎక్కడ దొరుకుతారన్నది మాత్రం న్యాయమైన ప్రశ్నే. దొరకడం కష్టం. అయినా 2013లో హైదరాబాదు కుతుబ్‌షాహీ సమాధుల పని మొదలుపెట్టిన ఆగాఖాన్ ట్రస్టువాళ్ళు, గత శతాబ్దంలో పూసిన సిమెంటును గీకి తీయించి మళ్ళీ సున్నమే పూయించారు. ఆ పని చేసినవాళ్ళు ఆకాశం నుంచి దిగలేదు. మేస్త్రికి రానిది సున్నప్పని కన్నా ముఖ్యంగా ఓపిక, అది ఇంటాయనకీ రాదు. పూసిన సున్నాన్ని రోజుల తరబడి తడుపుతూ కూర్చోవాలి, గృహప్రవేశం ముహూర్తమేమో వచ్చే శుక్రవారం.

సొంత ఇంటి సంగతి అలా ఉంచితే, చరిత్ర ఉన్న విడుదులు చూడబోయేవాళ్ళకి నేను హైదరాబాదు ఫలక్‌నుమా ప్యాలెస్ కన్నా ముందు పాత ముసాఫరు బంగళాల పేరు చెప్తాను. జిల్లా రోడ్ల మీదా, కాలవ గట్ల మీదా, అడవుల్లోనూ తెల్లదొరల కాలంలో కట్టినవి, ఇంకా అక్కడక్కడ నిలబడి ఉన్నాయి. ఎత్తయిన అరుగు, చుట్టూ వసారా, అందని ఎత్తులో కప్పు, పైన గాలి కంతలు, రెండో మూడో గదులు, అంతే. సౌకర్యం వస్తువుల్లో ఉండదు, ఎంచుకున్న చోటులో ఉంటుంది. మదనపల్లె దగ్గర ఏనుగు మల్లమ్మ కొండ మీద కడప కలెక్టరు హార్స్‌లీ 1860లలో వేసవి ఇల్లు కట్టుకున్నాడు. ఆ ఇంటికున్న ఏకైక శీతల యంత్రం నాలుగు వేల అడుగుల పైచిలుకు ఎత్తు. కరెంటు బిల్లు రాదు, గ్యాసు నింపక్కర్లేదు. కొండకి ఆయన పేరు మిగిలిపోవడం అన్యాయమే గాని, చోటు ఎంచుకోవడంలో తెలివి ఒప్పుకోవాలి. ఇక ఆ బంగళాల్లో భోజనం అంటే కోడి ఒక్కటే. ప్రయాణికుడు దిగాక ఆవరణలో కోడిని తరిమి పట్టుకునేవారని, గంటలో అది పళ్ళెంలో తేలేదని, నమిలితే ఆ పరుగు తెలిసేదని ఆనాటివాళ్ళు రాసుకున్న జోకులకి లెక్కలేదు. రాత్రి దయ్యాలు కూడా ఉండేవి. ఇంగ్లీషు రచయిత కిప్లింగ్ 1888లో అచ్చయిన ఒక కథలో ఇలాంటి డాక్ బంగళా పక్కగదిలో దయ్యాలు బిలియర్డ్సు ఆడుతున్న చప్పుడు వినిపిస్తుంది. తెల్లవారి చూస్తే పైన కట్టిన గుడ్డలో ఎలక పరుగెడుతోంది, వదులైన కిటికీ చట్రం గాలికి గడియ మీద కొట్టుకుంటోంది. మన ఎస్టిమేటు ప్రకారం ఫాల్స్ సీలింగూ యూపీవీసీ కిటికీలూ వేసి ఉంటే కథే లేదు.

ఆ బంగళాలు దొరల కోసం కట్టినవి, వాటిని పట్టుకుని మురవడమేమిటన్న అభ్యంతరం బలమైనది. అక్కడ దొరగారికి గాలి తగలాలంటే బయట ఒకడు తాడు లాగుతూ పంఖా ఊపాలి, నిద్రొస్తే తాడు కాలి వేలికి కట్టుకుని ఊపాలి. బాత్రూముకి వెనక నుంచి ఇంకో తలుపు, దొడ్డి ఎత్తేవాళ్ళు లోపలి గదులు తొక్కకుండా. ఇది అసౌకర్యమే గాని, ఇంకొకడి నెత్తిన పెట్టిన అసౌకర్యం. నేను కాపాడమనేది దాన్ని కాదు. సొంత లోగిలిలోనూ అంతే. "ఆ రోజుల్లో ఎంత హాయిగా ఉండేదో" అని తలుచుకునే ఇంట్లో బావి నీళ్ళు ఎవరు తోడారో, పొగలో కళ్ళు మండేలా వంట ఎవరు చేశారో ఆ ఇంటి ఆడవాళ్ళని అడగాలి. అందుకే వంటింటి మీద పెట్టే ఖర్చుకి నేను అడ్డం చెప్పను. మోటారు పెట్టండి, గ్యాసు పెట్టండి, మిక్సీకి ప్లగ్గు నడుమెత్తులో పెట్టండి. సెలవుకొచ్చిన మగవాడు వైఫై లేకుండా వసారాలో కూర్చోవడం అసౌకర్యం. ఆయనకి గంటగంటకీ కాఫీ కలపడం చాకిరీ. రెంటినీ ఒక ఖాతాలో రాయకూడదు.

పెద్దవాళ్ళ మోకాళ్ళ సంగతేమిటంటారు. ఒప్పుకున్నాను, కమోడు పెట్టించండి, పట్టుకోవడానికి కమ్మీ పెట్టించండి, రాత్రి వెలిగే దీపం పెట్టించండి. అయితే గదిలో కాదు, వసారా చివర, ఇంటి గోడకి ఆనకుండా విడిగా కట్టి, మధ్య దారికి కప్పు వేయండి. ఇది మొండితనం కాదు, ప్లంబింగు. సున్నపు గోడని తొలిచి లోపల పైపు దాచి, పైన టైలు అంటించారంటే, ఆ పైపు కారే సంగతి మీకన్నా ముందు దూలానికి తెలుస్తుంది. విడిగా ఉన్న బాత్రూము కారితే బాత్రూము ఒకటే పోతుంది. కోతుల సంగతి మాత్రం నా దగ్గర జవాబు లేని అభ్యంతరం. మంగుళూరు పెంకు కోతి గెంతుకి నిలవదు. పెరట్లో పెంకులు అట్టిపెట్టుకోవడం, కప్పెక్కగల మనిషిని మంచి చేసుకోవడం, అంతకుమించి శాస్త్రం ఇంకా ఎదగలేదు.

ఫలక్‌నుమా ఉంది కదా, ఏళ్ళ తరబడి బాగుచేసి 2010లో హోటలుగా తెరిచారు కదా, అన్ని హంగులూ ఉన్నాయి కదా అంటారు. నిజమే. అది నూట ఒక్క మంది ఒకేసారి కూర్చునే భోజనాల బల్ల ఉన్న ఇల్లు, హంగు దానికి పుట్టుకతోనే ఉంది. మన ఇళ్ళు ధాన్యం బస్తాలకీ, పెళ్ళిళ్ళకీ, పురుళ్ళకీ కట్టినవి. వాటికి షాండ్లియరు వేలాడదీస్తే షాండ్లియరుకే ఇబ్బంది. మీకూ ఊళ్ళో అలాంటి ఇల్లుంటే ఒక్కటే మనవి. మృగశిర వచ్చేలోగా పెంకు సర్దించండి, చూరు కాలవలో ఆకులు తీయించండి, దూలాలు గోడలోకి దూరే చోట ఇనప పుల్లతో గుచ్చి చూడండి. ఏసీ సంగతి దసరాకి మాట్లాడుకోవచ్చు, ఆపైన ఎలాగూ చలికాలం.