బోరు లారీ బ్యాటరీని నేను

మీ ఊళ్లోకి బోరు బండి వస్తే అందరి కళ్లూ డ్రిల్లు మీదే ఉంటాయి. నిమ్మకాయలు, కొబ్బరికాయ, కుంకుమబొట్టు అన్నీ దానికే. దాని వెనకాలే రాడ్లు, కేసింగ్ పైపులు, బియ్యం మూటలు, గ్యాస్ సిలిండరు మోసుకుంటూ ఇంకో లారీ వస్తుంది. దాన్ని ఎవరూ పట్టించుకోరు. నేను అందులో ఉండేదాన్ని. 12 వోల్టుల బ్యాటరీని. నా పక్కన నాలాంటిదే ఇంకొకటి. ఇద్దరం కలిసి 24 వోల్టులు ఇస్తేనే ఆ లారీ స్టార్టవుతుంది.

మా లారీది తమిళనాడులోని తిరుచెంగోడు. ఆ ఊరు బోరు బండ్లకు పుట్టిల్లని నల్లగొండ, పాలమూరు రైతులకు నేను చెప్పాలా? డ్రిల్లరు తమిళుడు, రాడ్లు ఎత్తే పిల్లలు ఒడిశా, జార్ఖండ్ వాళ్లు. నెలల తరబడి వాళ్లకు ఆ లారీయే ఇల్లు. దాని నీడన వంట, దాని మీద టార్పాలిన్ కింద పడక. పట్నంలో ఈ మధ్య కారవాన్లని, చక్రాల మీద ఇళ్లని గొప్పగా చెప్పుకుంటున్నారట. మర్రిగూడ, నాంపల్లి, కల్వకుర్తి, అచ్చంపేట దారుల్లో అలాంటి ఇళ్లు ఎన్నాళ్లనుంచో తిరుగుతున్నాయి. ఏసీ లేదు, అంతే తేడా.

ఇల్లన్నాక లైటు కావాలి, ఫ్యాను కావాలి, అందరి ఫోన్లూ చార్జింగు కావాలి. నా గ్రహచారం అక్కడ మొదలైంది. నేను పుట్టింది ఇంజను స్టార్టు చేయడానికి. నా సీసం పలకలు పల్చన. కొన్ని సెకన్లపాటు వందల ఆంపియర్లు ఇచ్చేస్తాను, ఇంజను నడిచినంతసేపూ ఆల్టర్నేటరు నన్ను మళ్లీ నింపుతుంది. రాత్రంతా కొంచెం కొంచెంగా పిండుకునే పని నాది కాదు, మందమైన పలకలున్న ట్యూబులర్ బ్యాటరీది. అసలు కారవాన్లలో ఇంజనుకో బ్యాటరీ, ఇంటికో బ్యాటరీ విడివిడిగా ఉంటాయి. తెల్లవార్లూ లైట్లు వేసుకున్నా పొద్దున ఇంజను మొరాయించదు.

మావాళ్లు ఇంటికని వేరే బ్యాటరీ కొనలేదు. ఫ్యానుకు 12 వోల్టులు చాలు కదా అని మా ఇద్దరిలో నా ఒక్కదాని మీదే తీగ తగిలించారు. పొద్దున ఇంజను స్టార్టయ్యాక ఆల్టర్నేటరు ఇద్దరినీ కలిపే నింపుతుంది. రాత్రి ఖాళీ అయింది నేను ఒక్కదాన్నే అని దానికి ఎలా తెలుస్తుంది? నిండుగా ఉన్న నా జోడీ ఇంకా నిండి కుతకుత ఉడికేది. నేను సగం కడుపుతోనే ఉండేదాన్ని. నిండుగా ఉంటే నాలో 12.6 వోల్టులకు పైనే ఉండాలి. 12.2 దగ్గర సగం ఖాళీ. 10.5కు దిగితే ఇక ఏమీ లేనట్టే. అలా అర్ధాకలితో ఉండే బ్యాటరీ పలకల మీద సల్ఫేటు గట్టిపడిపోతుంది, తర్వాత ఎంత చార్జి చేసినా కరగదు.

కొండమల్లేపల్లిలో ఒక బ్యాటరీ మెకానిక్ ఇది చూడగానే పట్టేశాడు. "అన్నా, పగలంత రెండెడ్లను బండికి కడ్తివి. రాత్రి మళ్ల ఒక్కదాన్నే మోటకు కడ్తివి. అది కూలవడదా?" అన్నాడు. "ఒక ఫ్యానే కదా అన్నా" అని మా డ్రైవరు నవ్వేశాడు. 24ను 12కు దించే కన్వర్టరు అయినా పెట్టుకొమ్మని మెకానిక్ చెప్పాడు. ఆ రాత్రి ఫ్యాను మళ్లీ నామీదే తిరిగింది.

దానికైనా ఓర్చుకున్నాను. నీళ్ల సంగతే మింగుడుపడలేదు. ఎండాకాలం పాలమూరు వేడికి నా గదుల్లో నీళ్లు తొందరగా తగ్గుతాయి. పోయాల్సింది డిస్టిల్డ్ వాటర్, అదీ పలకలు మునిగేదాకానే. ఎప్పుడో గుర్తొస్తే మూతలు తీసేవాళ్లు. చూస్తే పలకలు పైకి తేలి ఉండేవి. అప్పుడే పడ్డ బోరు నీళ్లు బిందెతో పట్టి పోసేవాళ్లు. నల్లగొండ బోరు నీళ్ల సంగతి మీకు తెలియంది కాదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల ఫ్లోరైడు దాటితే తాగవద్దంటారు. మర్రిగూడ, మునుగోడు వైపు ఎముకలు వంగిన తరాలే ఉన్నాయి. ఆ నీళ్లలో కరిగిన ఉప్పులు, ఇనుము నాలో చేరితే ఫ్యాను ఆపేసినా నా చార్జి లోలోపలే కారిపోతుంది. ఊరూరా నీళ్లు తీసిన బండి వెంటే ఉండి నేను మంచినీళ్లకు మొహం వాచాను.

ఫ్యానుకు వేసిన తీగ చెప్పుతాడంత సన్నం. మధ్యలో ఫ్యూజు లేదు. లారీ బాడీ మొత్తం నా నెగటివ్ వైపే కాబట్టి, పాజిటివ్ తీగ ఇనుప అంచుకు రాసుకుని తోలు ఊడితే చాలు, మంట లేస్తుంది. ఒకరోజు లేచింది కూడా. రాడ్లు ఎత్తే పిల్లవాడు ఒకడు దాన్ని గోనెసంచితో కొట్టి ఆర్పాడు. నా పాజిటివ్ దగ్గర ఫ్యూజు ఉంటే అదే మాడిపోయి ఊరుకునేది. చార్జింగు అవుతున్నప్పుడు నాలోంచి హైడ్రోజన్ వస్తుంది. గాలిలో అది 4 శాతం చేరితే ఒక్క రవ్వ చాలు. మావాళ్ల గ్యాస్ పొయ్యి నాకు మూరెడు దూరంలో. నన్ను విప్పేటప్పుడు ముందు నెగటివ్ తీయాలి, బిగించేటప్పుడు అది ఆఖరున పెట్టాలి. అప్పుడు స్పానరు బాడీకి తగిలినా నిప్పు రాదు.

తెలంగాణలో వ్యవసాయానికి 2018 జనవరి 1 నుంచి 24 గంటల కరెంటు వచ్చాక మావాళ్లకు ఇంకో దారి దొరికింది. రైతు స్టార్టరు డబ్బాలోంచి ఒక ఫేజు లాగి రైస్ కుక్కరు పెట్టేవాళ్లు. రెండో తీగను తడినేలలో దిగ్గొట్టిన కడ్డీకి చుట్టేవాళ్లు. ఆ కరెంటు ఏ కాస్తో బాడీకి పాకిందనుకోండి, లారీ రబ్బరు టైర్ల మీద ఉంటుంది కాబట్టి అది నేలలోకి దిగదు, బాడీలోనే ఉంటుంది. లారీలో కూర్చున్నవాడికి తెలియదు. బురదలో నిలబడి తలుపు పట్టుకున్నవాడికి కొడుతుంది. ఇన్వర్టరు పెట్టినా దాన్నుంచి వచ్చేది 230 వోల్టులే. 12 వోల్టుల బ్యాటరీదే కదా అనుకునే ధైర్యం మంచిది కాదు. వేల రూపాయల ఫోన్లు కొన్నవాళ్లకు సరైన ఎర్తు, 30 మిల్లీ ఆంపియర్ల కరెంటు లీకైతేనే పడిపోయే ఆర్‌సీసీబీ బరువెందుకు అవుతాయో నాకు తెలియదు.

చివరికి దేవరకొండ దగ్గర ఒక పొలంలో సెల్ఫు కొడితే నేను "టక్" అని ఊరుకున్నాను. పిల్లలంతా లారీని తోశారు. "కంపెనీ మాల్ బాగాలేదు" అని డ్రైవరు నన్నే తిట్టాడు. మర్నాడు పాత సామాన్ల దుకాణంలో కిలోల లెక్కన తూకం వేశారు. బరువు తగ్గేందుకు ముందే యాసిడ్ పారబోయమన్నాడు ఆ దుకాణదారు. గోడ పక్కన, కోళ్లు తిరిగే చోట, నన్ను బోర్లించారు. నాతోపాటు ట్రాక్టర్ల బ్యాటరీలు, ఆటోల బ్యాటరీలు ఎన్నో. వాటిలో చాలావాటికి నా రోగమే.

నాలోని సీసం పాడవదు, కరిగిస్తే మళ్లీ కొత్త బ్యాటరీ అవుతుంది. కానీ పెరట్లో పొయ్యి పెట్టి కరిగిస్తే ఆ పొగ, ఆ దుమ్ము ముందు పిల్లల మెదడుకే చేటు. పాత బ్యాటరీలను వెనక్కి తీసుకుని రీసైక్లింగుకు పంపే బాధ్యత తయారీదారులదేనని 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు చెబుతున్నాయి. కొత్తది కొనేటప్పుడు పాతదాన్ని ఆ దుకాణంలోనే ఇచ్చేయండి. ధర కూడా తగ్గిస్తారు. ఇచ్చేటప్పుడు యాసిడ్ పారబోయకండి, మూతలు బిగించి నిలువుగానే పట్టుకెళ్లండి.