ఏమీ దొరకకూడదని మొక్కుకునే గృహస్థుడు

పెరట్లో లంకెబిందెలు బయటపడాలని ఒక్కసారైనా ఆశపడని మనిషి తెలుగునాట అరుదు. పెరట్లో పెంకుముక్క కూడా బయటపడకూడదని మొక్కుకునే మనిషిని చూడాలంటే మాత్రం ఇంగ్లండులోని యార్క్ నగరానికి వెళ్లవలసి ఉంటుంది. క్రీ.శ. 71లో రోమన్లు సైనిక కోటగా నెలకొల్పగా, 866లో స్కాండినేవియా నుంచి వచ్చిన వైకింగులు ఆక్రమించుకున్న ఆ నగరంలో ఎక్కడ గునపం దింపినా ఎవరో ఒకరి వంటిల్లు తగులుతుంది గనుక, అక్కడ ఇల్లు కట్టదలచినవాడు ముందుగా తనకంటే పూర్వం అక్కడ కాపురమున్నవారికి సమాధానం చెప్పుకోవలసినవాడు.

1979 నాటి చట్టం యార్క్ నడిబొడ్డుతో సహా అయిదు చారిత్రక నగరాల భాగాలను పురావస్తు ప్రాముఖ్యం గల ప్రాంతాలుగా ప్రకటించడానికి ఆధారమైంది. అటువంటి చోట నేలను కదిలించదలచినవారు ఆరు వారాల ముందే నోటీసు ఇవ్వాలి, తవ్వి చూడాలని అధికారులు తలిస్తే ఆపైన నాలుగు నెలల రెండు వారాల గడువు వారిది. 1990లో వెలువడిన ప్రభుత్వ మార్గదర్శకాలు పరిశోధన ఖర్చును కట్టేవాడి నెత్తినే పెట్టడంతో గృహస్థుడి విద్యాభ్యాసం సంపూర్ణమైంది. పాత పటాలు, పాత నివేదికలు తిరగేసి నేల కింద ఏముండవచ్చునో గడ్డపార పట్టకుండానే అంచనా వేయడం మొదటి మెట్టనీ, స్థలంలో ఒకటి రెండు చోట్ల పరీక్షా కందకం తవ్వడం రెండవ మెట్టనీ, ‘వాచింగ్ బ్రీఫ్’ అంటే పునాదులు తీస్తున్నంతసేపూ పురావస్తు నిపుణుడు గట్టున నిలబడి చూస్తూ ఉండటమనీ, ఆ నిలబడినందుకు రుసుము తానే చెల్లించాలనీ అతడు క్రమంగా తెలుసుకుంటాడు.

కందకం దగ్గర అతడిని గమనించడం ఒక విద్య. టీ కప్పు చేతపట్టుకొని మట్టి రంగును కనిపెట్టి చూస్తుంటాడు. మనుషులు మసలిన నేల నల్లగా ఉంటుందనీ, ఎవరూ తాకని అడుగు మట్టిని నిపుణులు ‘నేచురల్’ అంటారనీ విన్న నాటి నుంచి ఆ మాట వారి నోట ఎప్పుడు వస్తుందా అని చెవులు రిక్కిస్తాడు. విక్టోరియా రాణి కాలపు మురుగుగొట్టం బయటపడితే ప్రాణం లేచివస్తుంది, ఎందుకంటే దానికోసం ఎవరూ పని ఆపరు. నిపుణుడు పార పక్కనపెట్టి తాపీ అందుకుంటే గుండె జారుతుంది. తాపీ వదిలి కుంచె పట్టుకుంటే టీ చల్లారిపోతుంది. పనిముట్టు చిన్నదవుతున్న కొద్దీ బిల్లు పెద్దదవుతుందన్నది ఏ పాఠ్యగ్రంథమూ చెప్పని సూత్రం. ఎముక తగిలినప్పుడు అది గొడ్డుదే కావాలని అతడు వేడుకుంటాడు. మనిషిదైతే 1857 నాటి ఖనన చట్టం కింద న్యాయశాఖ అనుమతి వచ్చే వరకు దానిని కదల్చరాదు.

బంగారం దొరికితే 1996 నాటి నిధి చట్టం కింద ప్రతిఫలంలో భూయజమానికి వాటా రావచ్చు, కాని యార్క్ నేల దాచిపెట్టేది ఎక్కువగా పెంకులూ, తోలుముక్కలూ, మరుగుదొడ్డి గుంతలే. 1972లో బ్యాంకు భవనం కట్టే చోట దొరికిన, దాదాపు 20 సెంటీమీటర్ల పొడవున్న వైకింగు కాలపు మలఖండం నేటికీ ఆ ఊరి ప్రదర్శనశాలలో గాజుపెట్టెలో సగౌరవంగా ఉంది. విసర్జించినవాడికి కానీ ఖర్చు లేదు. వెయ్యేళ్ల కిందట తన స్థలంలోనూ అంతటి మహనీయుడు కూర్చొని ఉండవచ్చునన్న శంక గృహస్థుడిని రాత్రిళ్లు నిద్రపోనివ్వదు.

ఇల్లు పూర్తయ్యాక ఇతడే పూర్తిగా మారిపోవడం ఈ జాతికంతటికీ ఉమ్మడి లక్షణం. నిన్నటిదాకా తిట్టుకున్న కందకం ఫొటో పటమై ముందుగదిలో వేలాడుతుంది. భోజనాల బల్ల కింద ఉన్నది ‘మా వైకింగుల’ చెత్తగుంత అని వచ్చినవారికల్లా వేలితో చూపిస్తాడు. పొరుగువాడు కారు షెడ్డుకు దరఖాస్తు పెట్టుకుంటే, చరిత్రకు హాని జరుగుతుందని నగరపాలక సంస్థకు మొదటి అభ్యంతర పత్రం రాసేది కూడా అతడే. ఆ ఇంటికి అతిథిగా వెళ్లేవారు వైకింగుల గురించి ఎంతసేపైనా అడగవచ్చు గాని, తవ్వకపు బిల్లు మాట మాత్రం ఎత్తకపోవడం మంచిది.