మనవాడి రేటు

దుబాయ్‌లో గిరాకీ పడిపోయినప్పుడల్లా ఆప్యాయతలు పెరుగుతాయి. నిన్నటిదాకా "గారూ, కొటేషన్ పంపండి" అన్న పెద్దమనిషి ఇవాళ "అన్నా" అంటాడు, కొటేషన్ ఊసెత్తడు. 2009లో ఇదే చూశాం, 2020లోనూ ఇదే చూశాం. ఆప్యాయతకు ఇన్వాయిస్ ఉండదు కదా, పుచ్చుకునేవాడికి ప్రాణం హాయిగా ఉంటుంది.

ఫ్రీ జోన్‌లో వంతులవారీగా కూర్చునే ఒక బల్ల, ఏటేటా రెన్యూ చేయించుకోవాల్సిన లైసెన్సు, ఆ లైసెన్సు మీద ఒక వీసా, ఒక ల్యాప్‌టాప్. మనవాళ్ళ చిన్న కన్సల్టెన్సీ అంటే చాలావరకు ఇంతే. ఒకాయన లెక్కలు రాస్తాడు, ఇంకొకాయన వెబ్‌సైట్లు కడతాడు, మూడో ఆయన ఉద్యోగులను వెతికిపెడతాడు. మాంద్యం రాగానే ముగ్గురికీ ఒకే రాత్రి జ్ఞానోదయమవుతుంది: మన మధ్య డబ్బులేంటి? నువ్వు నా లెక్కలు చూడు, నేను నీ వెబ్‌సైట్ చూస్తా.

వినడానికి ముచ్చటగానే ఉంటుంది. శ్రావణమాసంలో వాయనాల్లాగా శనగలు ఇల్లిల్లూ తిరుగుతాయి, సాయంత్రానికి అందరి వంటింట్లోనూ శనగలే. బియ్యం మాత్రం ఎవరింట్లోనూ ఉండవు. ఇంటి ఓనరు ఏడాది అద్దెకు నాలుగు చెక్కులు అడుగుతాడు గానీ నాలుగు సాయాలు అడగడు. 2009 నాటి సాలిక్ టోల్ గేటు కింద కారు పోతే నాలుగు దిర్హాములు కోసుకునేది, నువ్వు ఎవరి మనవాడివని అడిగేది కాదు. చెక్కు తిరిగొస్తే ఆ రోజుల్లో పోలీసు కేసు. "సార్, నేను ఫలానా వారికి ఆరు నెలలు ఉచితంగా సలహాలిచ్చాను" అని స్టేషన్లో చెప్పుకుని ఎవరైనా బయటపడ్డారేమో నేను వినలేదు.

వాయనంలోనైనా ఇచ్చినావిడకు ఏదో ఒకటి తిరిగొస్తుంది. ఇక్కడ అదీ లేదు. సాయం ఎప్పుడూ ఎగువకే పారుతుంది. పెద్ద కాంట్రాక్టరు చిన్న కన్సల్టెంటుకు మూడు బిల్లులు బాకీ ఉంటాడు. వాటి సంగతి అడగబోతే కాఫీ తాగించి, నాలుగో ఫైలు చేతిలో పెట్టి, "ఒక్కసారి చూసిపెట్టు తమ్ముడూ, మార్కెట్ లేచాక చూసుకుందాం" అంటాడు. ఆ మార్కెట్ లేచేసరికి తమ్ముడి లైసెన్సు గడువు తీరిపోతుంది. అప్పట్లో వీసా రద్దయితే దేశం వదలడానికి ఇచ్చింది ముప్పై రోజులు. ఇలాంటి ఒక అన్నయ్యగారు నా బిల్లు ఇప్పటికీ తీర్చలేదు. ఉగాదికి శుభాకాంక్షలు మాత్రం ఠంచనుగా పంపుతారు.

"ఇబ్బంది కాలంలో కూడా లెక్కలేనా?" అని నొచ్చుకునేవాళ్ళు అసలు ఇబ్బంది కాలంలో ఈ దేశమే ఏం చేసిందో చూడాలి. 2009 ఫిబ్రవరిలో దుబాయ్‌కు డబ్బు కావాల్సి వచ్చింది. యూఏఈ కేంద్ర బ్యాంకు వెయ్యి కోట్ల డాలర్లు ఇచ్చింది. ఒకే దేశం, ఒకే జెండా. అయినా బాండ్లు రాయించుకుంది: ఐదేళ్ళ గడువు, ఏటా 4 శాతం వడ్డీ. ఆ నవంబరు 25న దుబాయ్ ప్రభుత్వ కంపెనీ దుబాయ్ వరల్డ్ అప్పులవాళ్ళను కొన్నాళ్ళు ఆగమంటే ప్రపంచ మార్కెట్లన్నీ ఉలిక్కిపడ్డాయి. డిసెంబరు 14న అబుదాబి మరో వెయ్యి కోట్ల డాలర్లతో ఆదుకుంది. మూడు వారాలు తిరిగాక, 2010 జనవరి 4న, బుర్జ్ దుబాయ్ అని పిలుస్తూ కట్టిన 828 మీటర్ల భవనం అబుదాబి పాలకుడి పేరుతో బుర్జ్ ఖలీఫాగా తెరుచుకుంది. ఆ రెండింటికీ సంబంధం ఉందని నేననడం లేదు, తారీఖులు చదువుతున్నానంతే. 2014లో బాండ్ల గడువు దగ్గరపడ్డప్పుడు కూడా "చూసుకుందాంలే" అని ఎవరూ అనలేదు. మొత్తం రెండువేల కోట్ల డాలర్ల బాకీని 1 శాతం వడ్డీకి మరో ఐదేళ్ళకు తిరగరాసుకున్నారు. అన్నదమ్ముల్లాంటి ఎమిరేట్ల మధ్యే కాగితం ఉంటే, కరామాలో బిర్యానీ తింటూ పరిచయమైన మనకెందుకుండకూడదు?

పన్ను శాఖవారికీ ఈ సూక్ష్మం తెలుసు. 2018 జనవరి 1న 5 శాతం వ్యాట్ వచ్చింది. వ్యాట్‌లో రిజిస్టరైన ఇద్దరు పైసా చేతులు మారకుండా పనికి పని ఇచ్చిపుచ్చుకున్నా, ఆ పనికి బజారులో ఉండే విలువ మీద పన్ను లెక్కకడతారు. నా పనికి విలువ ఉందని సర్కారు ఒప్పుకుంది. ఒప్పుకోనిది "అన్నా" అనే ఆయనొక్కరే.

ముగ్గురు చిన్నవాళ్ళు కలిసి ఒకరి పని ఒకరు చేసుకుని, ఎవరు ఎన్ని గంటలు పెట్టారో రాసుకుంటే దాన్ని నేను తప్పుపట్టను. అది బేరమే, మర్యాదైన బేరం. నా కోపమంతా రాయని సాయం మీదే. దానికి గడువుండదు, చేసినవాడికి గుర్తుంటుంది, పుచ్చుకున్నవాడు మర్చిపోతాడు. పైగా మళ్ళీ అడిగితే మనవాడికి మనసు సన్నమైందని అసోసియేషన్ విందులో నలుగురికీ చెబుతాడు.

కాబట్టి అన్నయ్యలారా, సాయం అడగండి, తప్పకుండా చేస్తాం. పని ఏమిటో, విలువెంతో, ఎప్పటిలోగా తీరుస్తారో ఒక్క ఈమెయిల్లో రాసి పంపండి. ఆ 4 శాతం వడ్డీ మీకు వదిలేస్తాం. పాత మూడు బిల్లులు మాత్రం ముందు కట్టండి.