లేని పన్నుకి లెక్క

అమెరికా ప్రభుత్వానికి మావాడు ఒక్క డాలరు కూడా బాకీ లేడు. ఆ మాట నిరూపించడానికి ఇంటిల్లిపాదీ మంచం పట్టేలా ఉన్నాం.

వాడు అక్కడ పౌరసత్వం పుచ్చుకుని, కొన్నేళ్లకి హైదరాబాదు తిరిగొచ్చి గచ్చిబౌలిలో ఉద్యోగంలో చేరాడు. జీతం రూపాయల్లో, టీడీఎస్ కోత మన ఖజానాకి. అంతటితో అయిపోవాలి కదా? అమెరికా పౌరుడు చంద్రమండలంలో సంపాదించినా వాషింగ్టన్‌కి లెక్క చెప్పాలట. ఇలా పౌరసత్వం పట్టుకుని వెంటాడే దేశం ఇంకోటి ఎరిత్రియా అని ఆడిటరు చెప్పాడు. అగ్రరాజ్యానికి తగిన జత!

దయగల ప్రభువులే, కాదనను. బయటి దేశంలో కష్టపడి సంపాదించిన దాంట్లో 2022కి 1,12,000 డాలర్లు, 2023కి 1,20,000 డాలర్ల వరకు పన్ను లెక్కలోంచి తీసేస్తారు. మావాడి జీతం నిచ్చెన వేసినా అక్కడికి అందదు. కానీ ఆ దయ అడిగితేనే దక్కుతుంది. 2555 అనే ఫారం నింపాలి. ఏడాది పొడుగునా ఇక్కడే కాపురమని గానీ, పన్నెండు నెలల్లో 330 రోజులు పరదేశాల్లోనే ఉన్నానని గానీ చూపాలి. మా ఆడిటరుకి రోజుల లెక్క మీదే గురి. రోజంటే అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి దాకా నిండు రోజు. అమెరికా నుంచి తిరిగొస్తూ సముద్రం మీద విమానంలో కునుకు తీసిన గంటలు చెల్లవు. పాస్‌పోర్టు ముద్రలు భూతద్దం పెట్టి చదివే పని నాది. రిటైరైనవాడికి వేరే పనేముంటుంది?

గడువు దాటినవాళ్ల కథ ఇంకా రమ్యం. ఏడాదికి మించి ఆలస్యమైనా సరే, మినహాయింపు పోగా పన్నేమీ మిగలకపోతే అప్పుడైనా కోరుకోవచ్చు. పన్ను మిగిలితే మాత్రం అమెరికా పన్నులవాళ్లు కనిపెట్టకముందే కోరుకోవాలి, హాజరు పిలిచేలోపు వెనక బెంచీలోకి జారుకునే కుర్రాడిలా. రిటర్ను నెత్తిన 'సెక్షన్ 1.911-7(ఏ)(2)(ఐ)(డీ) ప్రకారం దాఖలు' అని ఇంగ్లీషులో రాయాలి. ఆ బ్రాకెట్లన్నీ సరిగ్గా పడ్డాయో లేదో మా ఆవిడ చేత కూడా చూయించాం.

ఇంతా చేస్తే ఆ మినహాయింపు జీతానికే. వడ్డీకీ అద్దెకీ వర్తించదు. అసలు దెబ్బ నాకు తగిలింది బ్యాంకు ఖాతాల దగ్గర. నా పీఎఫ్ డబ్బు ఫిక్సెడ్ డిపాజిట్ వేసినప్పుడు, రేపు నేను పోతే ఇబ్బంది లేకుండా వాడి పేరు జాయింటుగా పెట్టించాను. అమెరికా బయటి ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజైనా 10,000 డాలర్లు దాటితే వివరాలు ఇవ్వాలట. జాయింటు ఖాతాలో సగం కాదు, మొత్తం చూపాలట! సొంత తమ్ముడికి కూడా చెప్పకుండా కూడబెట్టిన సొమ్ము ఇప్పుడు అమెరికా ఖజానా శాఖకి తెలుస్తుంది. ఆలస్యమైనవాళ్ల కోసం పెట్టిన సులువు మార్గంలో మూడేళ్ల రిటర్నులు, ఆరేళ్ల ఖాతాల వివరాలతో పాటు, కావాలని ఎగ్గొట్టలేదని ప్రమాణపత్రం కూడా జతచెయ్యాలి. వాడి సంగతి సరే, నేను మాత్రం కావాలనే దాచాను. అయితే అది మా తమ్ముడి దగ్గర.

మొన్న మనవరాలి పేరున బ్యాంకులో నాలుగు డబ్బులు వేద్దామని బయల్దేరాను. పాప పుట్టింది సికింద్రాబాదులో, భయమేముందని నా ధైర్యం. ఎందుకైనా మంచిదని ఆడిటరుకి ఫోన్ చేశాను.

"పాప ఎక్కడ పుట్టిందని కాదు అంకుల్, నాన్నది ఏ దేశమని చూస్తారు వాళ్లు," అన్నాడు.

ఆ డబ్బుతో పాపకి బంగారు మురుగులు చేయించాను. మురుగులకి ఫారం లేదని ముందే కనుక్కున్నాను లెండి.