తాజా మాజీ

ఆదోనిలో పత్తి కమీషన్ వ్యాపారం చేసే పెద్దమనిషి ఆయన. పేరు చెప్పను, ఏ క్లబ్బో కూడా చెప్పను. చెప్పినా ఎమ్మిగనూరువాళ్లు ‘మా ఊళ్లోనూ ఒకాయన ఉన్నాడే’ అంటారు. ఎండాకాలం పెళ్లికి సైతం కోటు తొడుక్కునే వస్తాడు. క్లబ్బు పిన్నులన్నీ పట్టే జాగా దానికే ఉంది మరి.

రోటరీ 1905లో, లయన్స్ 1917లో చికాగోలో పుట్టాయి. రెండింట్లోనూ అధ్యక్షుడి ఏడాది జూలై 1న మొదలై జూన్ 30తో సరి. మంచి పద్ధతి. మన పెద్దమనిషికీ అది మహా ఇష్టం. ‘కుర్చీకి అంటుకుపోకూడదప్పా, యువకులు రావల్ల’ అని ప్రతి సభలోనూ చెబుతాడు, వేదిక మీది నడిమి కుర్చీలో కూర్చుని. అధ్యక్షుడికి గడువు రాసినవాళ్లు మాజీకి రాయలేదని ఆయన ఏనాడో కనిపెట్టాడు.

దిగిన మరునాటి నుంచి తాజా మాజీ హోదాలో బోర్డులో సీటు. ఆపై ఏడు కార్యదర్శి, ఆపై ఏడు కోశాధికారి. సమావేశంలో క్రమశిక్షణ చూడ్డానికి, సరదా జరిమానాలు వేయడానికి లయన్స్‌లో టెయిల్ ట్విస్టర్, రోటరీలో సార్జెంట్ ఎట్ ఆర్మ్స్ అని ఉంటారు. ఇంకేదీ ఖాళీ లేని ఏడు ఆ పనికీ ఒప్పుకున్నాడు. మొదటి జరిమానా అధ్యక్షుడికే పడింది, తనకు చూపించకుండా బ్యానరు కొట్టించినందుకు.

క్లబ్బు స్టాంపు ఆయన అంగడి గల్లాపెట్టెలో, తక్‌పట్టీల కింద ఉంటుంది. కొత్త అధ్యక్షుడు లెటరు పట్టుకుని వచ్చి నిలబడతాడు.

‘అన్నా, కంటి శిబిరం లెటరు. స్టాంపు కావల్ల.’

‘నన్నెందుకప్పా అడుగుతావు, నేనేమన్నా ప్రెసిడెంటునా? నీ ఇష్టం’ అంటూనే కళ్లద్దాలు పెట్టుకుని, రెండు వరుసలు కొట్టేసి, ఒక వరుస పైన ఇరికించి, స్టాంపు తనే గుద్దుతాడు.

జూలైలో ఎమ్మిగనూరు వెళ్లి అక్కడి కొత్తవాళ్లతో ప్రమాణం చేయిస్తాడు. ఎమ్మిగనూరు ఆయన వచ్చి ఇక్కడివాళ్లతో చేయిస్తాడు. ఇచ్చిపుచ్చుకోవడాల్లో వీళ్లు వియ్యంకుల్ని మించారు. ఎమ్మిగనూరులో మన పెద్దమనిషి ప్రసంగం, 1938లో అక్కడ మాచాని సోమప్ప పెట్టిన చేనేత సహకార సంఘం దగ్గర మొదలవుతుంది. అంధులకు అండగా నిలవమని 1925లో లయన్స్ వాళ్లను కోరిన హెలెన్ కెల్లర్ మీదుగా వెళ్లి తన హయాంకు చేరేసరికి అవతల చిత్రాన్నం చల్లారిపోతుంది.

ఇంతా చేసి ఆయన్ని వదిలించుకోలేం. శిబిరం రోజు తెల్లవారుజామున కోసిగి వైపు పల్లెలకు బస్సు కదిలేటప్పుడు, చేతిలో జాబితాతో మెట్టు మీద ఉండేది ఆయనే. ఏ అవ్వకు షుగరుందో, ఏ తాత కంట్లో చుక్కల మందుకు భయపడతాడో, డ్రైవరు ఎవరి మాట వింటాడో ఆయనకే తెలుసు. ఉగ్గాని పొట్లాలు అందరికీ అందాకే తనొకటి విప్పుతాడు. అధ్యక్షుడు తొమ్మిదింటికి ఫొటో వేళకు వస్తాడు. ఈయన దిగిపోవాలని అందరం గుసగుసలాడుకుంటాం గానీ, ఈ ఏటి లెక్కలు ఎవరు రాస్తారని అడిగితే అందరం సెల్‌ఫోన్లు చూసుకుంటాం. ఆయన గడువు పొడిగించేది అప్పుడే, మేమే.

కాబట్టి వచ్చే జూలైకి పేరు ఇవ్వదలచుకున్న కుర్రవాళ్లు ఓట్లు తర్వాత అడగండి, ముందు స్టాంపు అడగండి. ఇవ్వనంటే బజారులో కొత్తది చేయించుకోండి, పెద్ద ఖర్చేం కాదు. కాకపోతే శిబిరం నాడు అయిదింటికే బస్సు దగ్గర ఉండండి.