నాలా కన్వర్షన్ అయిపోయింది సార్!

"వరదా? ఇక్కడికా?" అని ఆ మార్కెటింగ్ కుర్రాడు నవ్విన నవ్వుకి నాకే సిగ్గేసింది. మేడ్చల్ నుంచి శామీర్‌పేట వైపు పోయే దారిలో ఓ వెంచర్. ఆదివారం సైట్ విజిట్. ఇంటి ముందు కారెక్కించుకుని, షామియానా కింద కూచోబెట్టి, చికెన్ బిర్యానీ తినిపించిన వాళ్లని ఇలాంటి ప్రశ్న అడగడం తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమే. అయినా నోరూరుకోలేదు.

"సార్, మనం సముద్ర మట్టానికి 500 మీటర్ల పైన ఉన్నాం. తుఫాన్లన్నీ కాకినాడోళ్లకి, మచిలీపట్నమోళ్లకి. మనది దక్కన్ పీఠభూమి." బ్రోచర్లోనూ ఇదే ముక్క. పీఠభూమి పక్కనే ఈతకొలను బొమ్మ.

అంటే వాన నీరు బంగాళాఖాతం ఒడ్డున టేపు కొస పట్టుకుని నిలబడి, "అబ్బో, 500 మీటర్లే! మనవల్ల కాదు" అని వెనక్కి తిరుగుతుందన్నమాట. నీటికి అంత భూగోళ శాస్త్రం రాదు. పక్క చెరువు మత్తడి కంటే నీ గడప ఎత్తా పల్లమా, అంతే దానికి కావలసింది.

కాకినాడ మాట వాళ్లే ఎత్తారు కాబట్టి చెబుతున్నా. 2020 అక్టోబర్ 13 పొద్దున కాకినాడ దగ్గర తీవ్ర వాయుగుండం తీరం దాటింది. తుఫానుగా పేరు పెట్టించుకునే స్థాయి కూడా లేని బక్క ప్రాణి. సుమారు 400 కిలోమీటర్లు నడిచొచ్చి, ఈ మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోనే, ఘట్‌కేసర్ దగ్గర, ఒక్క రోజులో 32 సెంటీమీటర్లు కుమ్మరించింది. లెక్క వేసి చూడండి: ఎకరానికి దాదాపు 13 లక్షల లీటర్లు. 5 వేల లీటర్ల ట్యాంకర్లయితే 260. ఏప్రిల్లో ఒక్క ట్యాంకర్ కోసం డ్రైవర్ని "అన్నా, అన్నా" అని బతిమాలుకునే కాలనీకి, అక్టోబర్లో ఎకరానికి 260 ట్యాంకర్లు ఫ్రీ డెలివరీ. ఎవడూ థాంక్స్ చెప్పలేదు. ఫాక్స్ సాగర్ నిండి, దాని కింది ఉమామహేశ్వర కాలనీలో నీళ్లు వారాల తరబడి తిష్ఠ వేశాయి. అదీ పీఠభూమే.

"మరి వాన నీరు పోయే నాలా ఎక్కడ?" అన్నాను.

"నాలా కన్వర్షన్ ఎప్పుడో అయిపోయింది సార్!"

వాడి తప్పేం లేదు. వ్యవసాయ భూమిని ఇళ్ల స్థలంగా మార్చే కాగితాన్ని ఆఫీసుల్లో 'నాలా' అనే అంటారు. మన రెవెన్యూ భాషలో ఇంతకు మించిన నిజం ఇంకోటి లేదు. ఉన్న నాలా పోయి కాగితం మీద నాలా వచ్చింది. నీరు పారదు గానీ బ్యాంకు లోను పారుతుంది.

బఫర్ సంగతి ఇంకా రంజుగా ఉంటుంది. 10 హెక్టార్లు, ఆ పైన ఉన్న చెరువుకి చుట్టూ 30 మీటర్లు వదలాలి, అంతకంటే చిన్నదైతే 9 మీటర్లు చాలు. ఇది నిబంధన. దీన్ని మనవాళ్లు చదువుకున్న తీరు వేరు: చెరువు చిక్కితే బఫరూ చిక్కుతుంది. కాబట్టి రాత్రిళ్లు నాలుగు టిప్పర్ల మట్టి కొట్టి చెరువుకి డైటింగ్ చేయిస్తే చట్టమే వచ్చి 21 మీటర్లు చేతిలో పెడుతుంది. 2024 జులైలో చెరువు కబ్జాలు కూల్చే హైడ్రా వచ్చాక మార్కెటింగ్ కుర్రాళ్లు కొత్త పాఠం నేర్చారు. "హైడ్రా రాదు సార్, గ్యారంటీ" అంటున్నారు. నీళ్లు రావని గ్యారంటీ ఇచ్చినవాడు ఒక్కడూ లేడు.

బిర్యానీ అరగాలని లేఅవుట్లో కాసేపు నడిచాను. 47వ నంబర్ ప్లాటు రాయి మీద తెల్ల కొంగ ఒంటికాలి మీద నిలబడి ఉంది, అడ్వాన్స్ కట్టేసిన ధీమాతో. ప్లాట్ల మధ్య జమ్ము మోకాలెత్తు. మూల మీద రెండు నిలువు రాళ్లు, వాటి మీద ఒక అడ్డ రాయి. పాత తూము. దానికి గులాబీ రంగు వేసి, 'సెల్ఫీ పాయింట్' అని బోర్డు తగిలించారు. గొర్లు కాస్తున్న పెద్దాయన ఒకాయన కర్ర ఆనించుకుని మావైపే చూస్తున్నాడు.

"తాతా, ఇక్కడ నీళ్లు నిలుస్తాయా?"

"నిలుసుడేంది బిడ్డా, గిది కుంట శిఖం. మా అయ్య గీడనే శాపలు వట్టిండు. నువ్వు నిలవడ్డ కాడ మనిషి మునుగు ఉండె."

నేను నిలబడ్డది 30 అడుగుల రోడ్డు మీద. పక్కనున్న ఊరు తూంకుంట. విడగొట్టి చదివితే తూమూ, కుంటా రెండూ అందులోనే ఉన్నాయి. ఇంతకంటే స్పష్టమైన వరద హెచ్చరిక ఏ వాతావరణ శాఖ ఇస్తుంది? కానీ వెంచర్లకి ఊరి పేరు పెట్టరు కదా, ఇంగ్లిషులో ఏదో వ్యాలీ అనో మెడోస్ అనో పెడతారు. వ్యాలీ అంటే లోయ అని కొన్నవాడికి మొదటి వానలో తెలుస్తుంది.

శామీర్‌పేట చెరువు దగ్గర కట్ట మైసమ్మ ఉంది, దండం పెట్టుకుని పోతాం. ఆమె పని కట్టని కాయడం. మిగతా చోట్ల కట్ట తవ్వి అమ్ముకున్నా మైసమ్మ జోలికి మాత్రం పోలేదు. గుడికి టైల్స్ కూడా వేయించారు. పాపం, ఏం కాయాలో తెలియక కూర్చుంది. ఆమె పేరున్న మైసమ్మగూడలోనే 2023 సెప్టెంబర్లో హాస్టళ్ల కింది అంతస్తులు మునిగితే ఇంజినీరింగ్ పిల్లల్ని జేసీబీ బొచ్చెలో నిలబెట్టి బయటికి తెచ్చారు. ఏ జేసీబీ అయితే కుంటలు పూడ్చిందో దాంతోనే. దాని సేవలు మనం తక్కువ అంచనా వేశాం.

1908 మూసీ వరద తర్వాత విశ్వేశ్వరయ్యగారు వచ్చి లెక్క తీస్తే, ఆ పరీవాహకంలో 788 చెరువులకి 221 తెగాయట. ఇప్పుడు ఆ భయం లేదు. తెగడానికి చెరువుండాలిగా!

ప్లాటు కొనలేదు. నంబర్ మాత్రం ఇచ్చొచ్చాను, అదే తప్పు. మొన్న రాత్రి రెండు గంటలు గట్టి వాన పడింది. తెల్లారి ఎనిమిదింటికే ఫోన్.

"సార్, గుడ్ న్యూస్. మొన్న మీరొచ్చినప్పుడు లేక్ వ్యూ ప్లాట్లు ఆరే ఉండె కదా. ఇప్పుడు నలభై అయినయ్."