ప్రొజెక్టరు బల్బు పద్యమునకు టీకా తాత్పర్యము

ఆటవెలది

వేఁడి తగ్గుదాఁక వేచియుండవలయును
గాజు ముట్టరాదు కరముతోడ
నంకె కలియకున్న నగ్గువదైనను
వలదు వలదు బాబు బల్బు కొనఁగ

అవతారిక: ఈ పద్యకర్త యెవరో తెలియదు. ఉపన్యాసమునకు వేళయైనపుడు తెరమీది వెలుగు మసకబారి, యంత్రముపై లాంపు గుర్తు ఎఱ్ఱగా మినుకుమనగా, స్క్రూడ్రైవరు చేతబట్టి బల్లమీది కెక్కబోవు అటెండరును చూచి యెవరో అనుభవశాలి దీనిని చెప్పియుండునని తోచుచున్నది.

టీక: వేఁడి తగ్గుదాఁక = బల్బు చల్లారు వరకు. ఆర్పిన తోడనే ప్లగ్గు పెఱికివేయుట తగదు; లోని ఫ్యాను ఆగిపోయి వేడి లోపలనే చిక్కును. కావున ఫ్యాను తనంతట తానాగువరకు నొక నిరీక్షణము, ప్లగ్గు తీసిన పిదప గంటసేపు మఱియొక నిరీక్షణము. చేయి కాలునను భయము చేతనే కవి యిట్లు చెప్పెనని కొందఱందురు. అది పొసగదు. ఈ జాతి బల్బునందు, ఇంచుమించు ఒక్క మిల్లీమీటరు ఎడముగా నిలిచిన రెండు టంగ్‌స్టన్ మొనల నడుమ విద్యుత్తు ప్రజ్వరిల్లుచుండగా, ఆవిరియైన పాదరసము 200 వాతావరణములకు మించిన యొత్తిడితో నణగియుండును. వంటింటి కుక్కరులో నది ఇంచుమించు రెండు వాతావరణములే. అట్టిదానిని వేడిమీద కదపుట ప్రేలుడును పిలుచుటయే. యంత్రము పైకప్పునకు వ్రేలాడుచున్నచో, పగిలిన ముక్కలు తిన్నగా ముఖముపై బడును గనుక, కళ్ళద్దములు ధరించి, ప్రక్కకు తొలగి నిలిచి మూత తీయవలెను.

గాజు = క్వార్ట్జు గోళము. కరముతోడ = ఉత్తచేతితో. వ్రేలి జిడ్డు అంటినచోట క్వార్ట్జు క్రమముగా తెల్లబారి, బలము తప్పి, తుదకు బీటవారును. ప్లాస్టికు చట్రమునకుగల పిడిని పట్టి లాగుటకు నిషేధము లేదు. పొరబాటున వ్రేలు తగిలెనేని స్పిరిటుతో తుడుచుట ప్రాయశ్చిత్తము.

అంకె = లాంపు పార్టు నంబరు. ఎప్సన్ వారి లాంపులపై ఈఎల్‌పీఎల్‌పీ అను అక్షరముల వెనుక రెండంకెలుండును; ఆ రెండంకెలే ప్రాణము. వాట్లు సరిపోయిన చాలదా యని పూర్వపక్షము. చాలదు. యంత్రములోని బ్యాలస్టు తనకు విధించిన బల్బునకు తగినట్లే విద్యుత్తు నిచ్చును. అదియునుగాక జ్వాల ప్రతిఫలకపు నాభియందు నిలువవలెను, రవంత తొలగినను వెలుగు తెరకు చేరక లోని భాగములను కాల్చును. అందుచేతనే చట్రము లేని ఉత్తబల్బును చౌకగా తెచ్చి పాత చట్రమున బిగించుట నేర్పరులకే చెల్లును, తక్కినవారికి చట్రముతోగూడ కొనుటయే మేలు.

అగ్గువదైనను = చౌకయైనను. మూడు కొటేషన్లు తెప్పించి, వానిలో తక్కువదానికే ఆర్డరు వ్రాయు ఆఫీసుల యాచారమును కవి యిచట గిల్లినాడు. నకిలీబల్బు పెట్టెపై నెన్ని గంటల ఆయువైన నచ్చువేయవచ్చును, అచ్చునకు ఖర్చేమి?

బాబు = ఆర్డరుపై సంతకము చేయువాడు. స్టోర్సు గుమాస్తాయని మతాంతరము.

తాత్పర్యము స్పష్టము.

విశేషము: కవి రెండు సంగతులను విడిచినాడు, ఆటవెలదిలో చోటు చాలక కాబోలు. బల్బు లోపల పగిలినచో ప్లగ్గు తీసి, కిటికీలు తెఱచి, అందఱును గది విడిచి పోవలెను, పాదరసపు ఆవిరి పీల్చదగినది కాదు. ఆ ముక్కలును, ఆయువు తీరిన బల్బును చెత్తబుట్టపాలు చేయక ఈ-వ్యర్థములు సేకరించువారి కీయవలెను. రెండవది, క్రొత్తబల్బు బిగించిన పిమ్మట మెనూలోనికి పోయి లాంపు గంటల లెక్కను సున్న చేయవలెను. ఇది మఱచినచో యంత్రము పాతలెక్కయే పట్టుకొని, నిన్ననే వేసిన బల్బును మార్చుమని మరల ఎఱ్ఱదీపము చూపును. స్టోర్సువారును దానిని నమ్మి మఱొక యిండెంటు వ్రాయుదురు.